ఇంటి కంప్యూటర్‌కు ఎస్‌ఎస్‌డీ: పెట్టె మీది అంకెను పక్కనపెట్టి ఎంచుకోవడం ఎలా?

మా బావగారు ఒక దసరా సెలవుల్లో కొత్త ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్‌కు బదులు చిప్పుల్లో సమాచారం దాచే డ్రైవ్, తెచ్చి నా చేతిలో పెట్టారు. పెట్టె మీద సెకనుకు 7,000 ఎంబీ అని బొటనవేలంత అక్షరాల్లో రాసి ఉంది. కంప్యూటర్ పక్క రేకు విప్పి చూస్తే ఆ ముక్కను పెట్టడానికి లోపల చోటే లేదు. మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ తగిలించే పెద్ద పలక, పాతకాలపుది. దానికి తెలిసినదల్లా హార్డ్ డిస్క్‌లను తగిలించే సాటా తీగ ఒక్కటే. ఇద్దరం దుకాణానికి వెళ్లి, దాన్ని ఇచ్చేసి, మామూలు సాటా డ్రైవ్ తెచ్చుకున్నాం. బిగించి మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఆయన అలవాటు ప్రకారం కాఫీ కోసం లేచారు. గుమ్మం దాటకముందే డెస్క్‌టాప్ వచ్చేసింది. "మరి ఆ ఏడు వేలు ఎవరి కోసమోయ్?" అని అడిగారు.

ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు వరసగా చెబుతాను. ఇంట్లో బ్యాంకు పనులకు, పిల్లల చదువుకు, ఫొటోలకు, అడపాదడపా ఆటలకు వాడే కంప్యూటర్‌కు మధ్యరకం ఎస్‌ఎస్‌డీని ఎలా బేరీజు వేయాలి, కొన్నాక దాని నిజస్వరూపాన్ని మొదటి వారంలోనే ఎలా బయటపెట్టించాలి అన్నదే ఇక్కడి విషయం. రోజంతా వీడియోలు కూర్చేవారి లెక్కలు వేరు.

ముందు రేకు విప్పండి

దుకాణానికి కాదు, ముందు కంప్యూటర్ దగ్గరికి వెళ్లండి. లోపల ఏం పడుతుందో తెలియకుండా ధరలు చూడడం దండగ.

మీకు తగిలే రకాలు రెండే. ఒకటి అరచేతిలో ఇమిడే 2.5 అంగుళాల పెట్టె. దీనికి సాటా తీగ ఒకటి, కరెంటు తీగ ఒకటి కావాలి. పాత ల్యాప్‌టాప్‌లలో హార్డ్ డిస్క్ తీసేసిన చోట ఇదే కూర్చుంటుంది. రెండోది చూయింగ్ గమ్ బిళ్లలా ఉండే ఎం.2 ముక్క. దాని మీద 2280 అని ఉంటే వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80 అని అర్థం.

చాలామంది బోల్తాపడేది ఈ రెండో రకం దగ్గరే. ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. అదే ఆకారంలో సాటా డ్రైవ్‌లూ ఉన్నాయి, అంతకంటే వేగమైన పద్ధతిలో పనిచేసే ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లూ ఉన్నాయి. బంగారు పూత ఉన్న అంచును వెలుతురులో పెట్టి చూడండి. చాలావరకు ఒకటే గాటు ఉంటే అది ఎన్‌వీఎంఈ, రెండు గాట్లు ఉంటే సాటా. స్లాట్‌లో పట్టినంత మాత్రాన పనిచేస్తుందని లేదు. మీ మదర్‌బోర్డు లేదా ల్యాప్‌టాప్ మోడల్ పేరుతో తయారీదారు ఇచ్చే మాన్యువల్ తెరిచి, ఏ స్లాట్ దేన్ని ఒప్పుకుంటుందో చదవండి. అదే పేజీలో, ఎం.2 స్లాట్ వాడితే ఫలానా సాటా పోర్టు పనిచేయదని చిన్న అక్షరాల్లో రాసి ఉండవచ్చు. దాన్నీ వదలకండి.

వేగం సంగతి రెండు ముక్కల్లో. సాటా మూడో తరంలో అసలు వేగం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఎంత ఖరీదైనది కొన్నా అంతే. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు నడిచే దారి పేరు పీసీఐఈ. నాలుగు దారుల పీసీఐఈ మూడో తరంలో సుమారు 3,500, నాలుగో తరంలో 7,000 పైచిలుకు. నాలుగో తరం డ్రైవ్‌ను మూడో తరం స్లాట్‌లో పెడితే నిక్షేపంగా నడుస్తుంది, కానీ మూడో తరం వేగంతోనే.

ఒక చిన్న మాట. ఎం.2 ముక్కను పట్టి ఉంచే బుల్లి మర చాలా పెట్టెల్లో రాదు. అది మదర్‌బోర్డుతో వచ్చి, ఎప్పుడో పోయి ఉంటుంది. కొనేటప్పుడే ఒకటి అడిగి తీసుకోండి, లేదంటే ఆదివారం మధ్యాహ్నం ఆ మర కోసం ఊరంతా తిరగాలి.

మీ పనికి ఏ వేగం కావాలి?

నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌లో కావలసిన సమాచారం చదివే తల కిందికి రావడానికి సగటున నాలుగు మిల్లీసెకన్లు పడుతుంది. ఆ తల సరైన గీత మీదికి జరగడానికి ఇంకొన్ని. అంటే చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద చదవడమే దానికి గగనం. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్లు అడుగుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు కనుక ఒక్కో చిన్న ముక్క మిల్లీసెకనులో దాదాపు పదోవంతులో అందుతుంది. మా బావగారి కాఫీని మింగింది ఈ తేడాయే. పెట్టె మీది ఏడు వేలు మాత్రం ఒకే పెద్ద ఫైలును ఏకధాటిగా చదివినప్పటి వేగం. ఇంట్లో ఆ పని రోజుకు ఎన్నిసార్లు చేస్తారో మీరే లెక్కపెట్టుకోండి.

అందుకని నా తూకం ఇది: హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారడం పెద్ద గంతు, సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారడం చిన్న అడుగు. మీ యంత్రంలో ఎన్‌వీఎంఈ స్లాట్ ఉండి, ధర కూడా దగ్గరదగ్గరగా ఉంటే అదే తీసుకోండి. స్లాట్ లేదని మదర్‌బోర్డు మార్చే ఆలోచన చేయకండి.

పరిమాణం విషయంలో 500 జీబీ కనీసం, 1 టీబీ హాయి. విండోస్‌లో 1 టీబీ డ్రైవ్ 931 జీబీగా, 500 జీబీది 465గా కనిపిస్తే మోసపోయామని అనుకోవద్దు. తయారీదారు వెయ్యితో గుణిస్తాడు, విండోస్ 1,024తో భాగిస్తుంది, తేడా అంతే. ఒకే మోడల్‌లో చిన్న పరిమాణం తరచు నెమ్మదిగా ఉంటుంది. లోపల చిప్పులు తక్కువ కాబట్టి, ఒకేసారి పనిచేసే చేతులు తక్కువ.

అరుగు, గాదె

తేడాలన్నీ దాగి ఉండేది ఇక్కడే. కొంచెం ఓపికగా చదవండి.

ఎస్‌ఎస్‌డీలో సమాచారాన్ని దాచే గదులను సెల్స్ అంటారు. ఒక్కో గదిలో మూడు బిట్లు దాస్తే టీఎల్‌సీ, నాలుగు దాస్తే క్యూఎల్‌సీ. మూడు బిట్లకు ఎనిమిది విద్యుత్ మట్టాలు గుర్తుపట్టగలిగితే చాలు, నాలుగింటికి పదహారు కావాలి. గ్లాసు మీద ఎనిమిది గీతలు గీసి సరిగ్గా గీత దాకా నీళ్లు పోయడానికీ, అదే గ్లాసు మీద పదహారు గీతలు గీసి పోయడానికీ ఉన్న తేడా అది. పదహారు గీతలవాడు నెమ్మదిగా, జాగ్రత్తగా పోయాలి. గ్లాసు కూడా తొందరగా అరుగుతుంది.

ఈ నిదానం మనకు కనపడకుండా తయారీదారులు ఒక ఏర్పాటు చేశారు. కొన్ని గదులను గదికి ఒక్క బిట్ చొప్పున వాడి, రాయాల్సినదంతా ముందు గబగబా అక్కడ దింపుతారు. దీన్నే క్యాష్ అంటారు, జేబులోది కాదు. కోత రోజుల్లో బండి రాగానే బస్తాలను అరుగు మీద దింపేసి, బండిని పంపేశాక తీరికగా గాదెకు ఎత్తినట్టే. అరుగు ఖాళీగా ఉన్నంతసేపూ అన్ని డ్రైవ్‌లూ మెరుపుల్లాంటివే. అరుగు నిండాక బండ్లు వరసగా నిలబడతాయి. అసలు వేగం అప్పుడు బయటపడుతుంది. పైగా చాలా డ్రైవ్‌లలో గాదె నిండే కొద్దీ అరుగు కుంచించుకుపోతుంది. అందుకే డ్రైవ్‌లో పది పదిహేను శాతం ఎప్పుడూ ఖాళీగా ఉంచమంటారు.

ఒక నిజమైన జంటను పక్కపక్కన పెట్టి చూద్దాం. సామ్‌సంగ్ 870 ఈవీఓ, 870 క్యూవీఓ. ఒకే సంస్థ, ఒకే 870, రెండూ సాటా. రెండింటికీ చదివే వేగం 560, రాసే వేగం 530 అనే ప్రకటించారు. దుకాణంలో పక్కపక్కన ఉంటే చౌకది తీసుకోవడం సహజం. వివరాల పత్రం చదివితేనే కథ మారుతుంది. 1 టీబీ క్యూవీఓలో అరుగు 42 జీబీ. అది నిండాక రాసే వేగం సెకనుకు 80 ఎంబీ. అంటే చాలా హార్డ్ డిస్క్‌ల కంటే తక్కువ. 1 టీబీ ఈవీఓ మాత్రం అరుగు నిండినా దాదాపు అదే వేగంతో పోతుంది.

200 జీబీల పెళ్లి వీడియోలు, ఫొటోలు ఎక్కించాలనుకోండి. ఈవీఓలో ఆరేడు నిమిషాల పని. క్యూవీఓలో మొదటి 42 జీబీ నిమిషంన్నరలో పోయి, మిగతా 158 జీబీకి అరగంట దాటుతుంది. అయితే ఒక మెలిక ఉంది. ఆ వీడియోలు పాత హార్డ్ డిస్క్ నుంచే వస్తుంటే, ఇచ్చే చెయ్యే సెకనుకు 150 దాటదు. అప్పుడు ఈవీఓకూ ఇరవై నిమిషాలు పడుతుంది. తేడా ఉంది గానీ లెక్కల్లో కనిపించినంత లేదు. అన్నిటికీ మించి, ఇలా 200 జీబీ రాసే రోజు ఏడాదికి ఒకటో రెండో. అందుకే క్యూఎల్‌సీని నేను పనికిరానిదని అనను. ఎక్కువ చదివి తక్కువ రాసే చోట, అంటే పాటలు, సినిమాలు, ఆటలు దాచే రెండో డ్రైవ్‌గా అది బంగారం లాంటిదే. విండోస్ ఉండే మొదటి డ్రైవ్ మాత్రం టీఎల్‌సీయే అయి ఉండాలి. ధరలో తేడా ఎక్కువ ఉంటే తప్ప ఈ మాట మార్చుకోను.

ఇంకొకటి డీరామ్ అనే చిన్న మెమరీ చిప్పు. ఏ ఫైలు ఏ గదిలో ఉందో చెప్పే పట్టికను దాచుకునే చోటు ఇది, సుమారు 1 టీబీకి 1 జీబీ చొప్పున. ఇది లేని ఎన్‌వీఎంఈ డ్రైవ్ మీ కంప్యూటర్ మెమరీలోంచి కొంచెం అరువు తెచ్చుకుని నెట్టుకొస్తుంది. సాటా డ్రైవ్‌కు ఆ అరువు పుట్టదు. కనుక సాటా కొంటే డీరామ్ ఉన్నదే కొనండి. ఎన్‌వీఎంఈ అయితే ఇంటి పనికి లేకపోయినా ఫరవాలేదు.

ఆయుష్షు లెక్క

ఎస్‌ఎస్‌డీ రాసి రాసి అరిగిపోతుందన్న భయం చాలామందికి ఉంది. తయారీదారు దీనికి టీబీడబ్ల్యూ అనే అంకె ఇస్తాడు, అంటే వారంటీ వర్తించే వరకు ఎన్ని టీబీలు రాయవచ్చో. 1 టీబీ ఈవీఓకు అది 600, వారంటీ అయిదేళ్లు. క్యూవీఓకు 360, మూడేళ్లు. రెండింటిలో ఏది ముందు వస్తే అది.

మామూలు ఇంటి వాడకంలో రోజుకు 20 జీబీ రాస్తారనుకుందాం, ఇదే ఎక్కువ. ఏడాదికి 7.3 టీబీ. 600కు ఎనభై ఏళ్లు, 360కు నలభై తొమ్మిదేళ్లు. ఈలోపు కంప్యూటరే పాతసామానులో కలిసిపోతుంది. కానీ ఇంటి ముందు నాలుగు సీసీ కెమెరాలు పెట్టి, ఒక్కొక్కటి సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున ఇరవై నాలుగు గంటలూ దీని మీదే రికార్డు చేస్తే రోజుకు దాదాపు 173 జీబీ, ఏడాదికి 63 టీబీ అవుతుంది. అప్పుడు 360 ఆరేళ్లు కూడా రాదు. ఆ పనికి హార్డ్ డిస్క్ పెట్టండి.

నిజానికి టీబీడబ్ల్యూ కంటే వారంటీ సంవత్సరాలనే నేను ఎక్కువ నమ్ముతాను. సొంత వస్తువు మీద అయిదేళ్లు పూచీ పడడానికి ఒప్పుకున్నవాడు, మూడేళ్లకే చేతులు దులుపుకునేవాడు ఒకటి కాదు.

కొనే చోట

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలోనైనా, ఇంటర్నెట్‌లోనైనా అడగాల్సింది పూర్తి మోడల్ నంబరు. "1 టీబీ ఇవ్వండి" అంటే వారి దగ్గర మిగిలిపోయింది ఇస్తారు. ఆ నంబరుతో తయారీదారు పెట్టిన వివరాల పత్రం వెతికి మూడే చూడండి: టీఎల్‌సీయా క్యూఎల్‌సీయా, డీరామ్ ఉందా, వారంటీ ఎన్నేళ్లు. మొదటి ప్రశ్నకు పత్రంలో జవాబే లేకపోతే, దాచదగిన విషయం ఏదో ఉందని అనుకోవడం తప్పు కాదు.

సమీక్షలు చదివేటప్పుడు తేదీ చూడండి. 2021లో క్రూషియల్ పీ2 అనే డ్రైవ్ పేరు మార్చుకోకుండానే లోపల టీఎల్‌సీ నుంచి క్యూఎల్‌సీకి మారింది. అదే ఏడాది డబ్ల్యూడీ బ్లూ ఎస్‌ఎన్550లో కూడా చిప్పులు మారి, అరుగు నిండాక వేగం 610 నుంచి 390కి పడిందని పరీక్షల్లో తేలింది. గోల అయ్యాక, ఇకపై ఇలాంటి మార్పు చేస్తే కొత్త మోడల్ నంబరు ఇస్తామని ఆ సంస్థ చెప్పింది. మొదటి నెలలో వచ్చిన పొగడ్త రెండేళ్ల తరువాత దొరికే పెట్టెకు వర్తించకపోవచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది.

బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. పెట్టె మీది నంబరు, డ్రైవ్ మీది నంబరు ఒకటేనా అని అక్కడే సరిచూడండి. 16 టీబీ అంటూ నమ్మలేని ధరకు అమ్మే బయటి డ్రైవ్‌ల జోలికి అసలు పోకండి.

మొదటి వారం పరీక్ష

తిరిగి ఇచ్చే గడువు ఉన్నప్పుడే ఇవన్నీ చేయాలి. రెండు గంటల పని, అందులో ముప్పావు వంతు కూర్చుని చూడడమే.

మొదట క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. కొత్త డ్రైవ్‌లో పనిచేసిన గంటలు సున్నాకో ఒకటికో దగ్గరగా, రాసిన జీబీలు నామమాత్రంగా, ఆరోగ్యం 100 శాతంగా ఉండాలి. నాకు ఒకసారి కొత్తదని ఇచ్చిన డ్రైవ్‌లో పనిచేసిన గంటలు నాలుగు అంకెల్లో ఉన్నాయి. పెట్టె మీద ప్లాస్టిక్ చుట్టు కూడా చెక్కు చెదరలేదు. ఆ తెర ఫొటో చూపించగానే అమ్మిన మనిషి మారుమాట లేకుండా మార్చి ఇచ్చాడు. అదే తెరలో సీఆర్‌సీ లోపాల వరస ఒకటి ఉంటుంది, అంటే దారిలో సమాచారం ఎన్నిసార్లు చెడిందో ఆ లెక్క. సాటా డ్రైవ్‌లో ఆ అంకె రోజురోజుకూ పెరుగుతుంటే డ్రైవ్‌ను తిట్టకండి, తీగ మార్చండి.

తరువాత క్రిస్టల్‌డిస్క్‌మార్క్. నాలుగు వరసలు చూపిస్తుంది. అందరూ పై వరస చూసి మురిసిపోతారు. మీరు అట్టడుగు వరస చూడండి, చిన్న ముక్కలను ఒక్కొక్కటిగా చదివే వేగం అదే. హార్డ్ డిస్క్‌లో అది 1 ఎంబీ కూడా దాటదు. సాటా ఎస్‌ఎస్‌డీలో 30–40, ఎన్‌వీఎంఈలో సుమారు 50–80. పై వరసలో 3,500 ఉన్న డ్రైవ్‌కూ 7,000 ఉన్న డ్రైవ్‌కూ ఈ అడుగు వరసలో తేడా ఎంత తక్కువో చూస్తే మా బావగారి ప్రశ్నకు జవాబు అక్కడే కనిపిస్తుంది. సాటా డ్రైవ్‌లో పై వరస 550 కాకుండా 270 దగ్గర ఆగితే, పాత మదర్‌బోర్డులో రెండో తరం పోర్టుకు తగిలించి ఉంటారు. మూడో తరం పోర్టుకు మార్చండి. కంప్యూటర్ లేచేటప్పుడు తెరిచే బయాస్ అనే సెట్టింగుల తెరలో సాటా పద్ధతి ఏహెచ్‌సీఐగా ఉందో లేదో కూడా ఒకసారి చూడండి.

మూడోది అసలైన పరీక్ష. డ్రైవ్ ఖాళీగా ఉండగా, హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే చిన్న ప్రోగ్రామ్‌తో నిండా రాయించి, తిరిగి చదివించండి. చెప్పినంత చోటు నిజంగా ఉందా అన్నది తేలుతుంది, అరుగు నిండాక వేగం ఎంతన్నదీ తెలుస్తుంది. 1 టీబీ సాటా టీఎల్‌సీ అయితే రాయడానికి అరగంట పైన, చదవడానికి మరో అరగంట. 80 ఎంబీకి పడిపోయే రకమైతే రాయడానికే మూడు గంటలు దాటుతుంది. ఇలా నింపితే ఆయుష్షు తగ్గదా అంటే, 600 టీబీలో ఖర్చయ్యేది ఒక్క టీబీ.

ఇది నడుస్తుండగా వేడి గమనించండి. మే నెల మధ్యాహ్నం, గాలి ఆడని పెట్టెలో ఎన్‌వీఎంఈ డ్రైవ్ 70 డిగ్రీలు దాటిపోతుంటే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మదర్‌బోర్డుతో వచ్చిన హీట్‌సింక్, అంటే వేడిని లాగేసే లోహపు పలక, ఉంటే బిగించండి. దాని అడుగున ఉండే పలచటి ప్లాస్టిక్ పొరను పీకి మరీ బిగించాలి. ఆ పొరతో సహా బిగించి ఏళ్ల తరబడి వాడినవారిని చూశాను. డ్రైవ్ మీది లేబుల్ మాత్రం పీకకండి, వారంటీ పోతుంది.

చివరగా తయారీదారు ఇచ్చే ప్రోగ్రామ్‌తో ఫర్మ్‌వేర్, అంటే డ్రైవ్‌ను లోపలినుంచి నడిపే సాఫ్ట్‌వేర్, తాజాదేనా చూడండి. 2023 ఆరంభంలో సామ్‌సంగ్ 990 ప్రో కొన్న కొందరికి వారాల్లోనే ఆరోగ్యం శాతం గబగబా పడిపోయింది. ఫిబ్రవరిలో వచ్చిన ఫర్మ్‌వేర్ ఆ పతనాన్ని ఆపింది గానీ, అప్పటికే పోయిన శాతం తిరిగి రాలేదు.

విండోస్ ఎక్కించేటప్పుడు

కొత్తగా ఎక్కించదలిస్తే పాత హార్డ్ డిస్క్ తీగ ఊడదీసి మొదలుపెట్టండి. లేదంటే కంప్యూటర్‌ను లేపే చిన్న భాగాన్ని విండోస్ పాత డిస్క్ మీదే రాసేయవచ్చు. ఆర్నెల్ల తరువాత ఆ డిస్క్ తీసేసిన రోజు కంప్యూటర్ లేవదు. పూర్తయ్యాక విండోస్‌లో డ్రైవ్‌లను ఆప్టిమైజ్ చేసే తెర తెరిచి, కొత్తదాని పక్కన సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉందో లేదో, వారానికోసారి తనంతట తాను నడిచేలా ఉందో లేదో చూస్తే చాలు. పాత డిస్క్‌కు చేసినట్టు, చెదిరిన ఫైళ్ల ముక్కలను ఒకచోటికి చేర్చే డీఫ్రాగ్మెంట్ చేయనక్కరలేదు.

ఎస్‌ఎస్‌డీలో చెరిపేసిన ఫైలు హార్డ్ డిస్క్‌లోలా తిరిగి దొరకదు. ఖాళీ అయిన గదులను అది వెనువెంటనే శుభ్రం చేసుకుంటుంది. రాస్తుండగా కరెంటు పోతే తట్టుకునే ఏర్పాటు ఇంటి రకం డ్రైవ్‌లలో సాధారణంగా ఉండదు కాబట్టి, కోతలు ఎక్కువున్న ఊళ్లో డెస్క్‌టాప్‌కు చిన్న యూపీఎస్ తప్పనిసరి. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెట్టి ఫొటోలు దాచుకోవడానికి కూడా ఎస్‌ఎస్‌డీ తగినది కాదు. ఆ పని మీరు ఇందాక ఊడదీసిన హార్డ్ డిస్క్ చేస్తుంది. దానికో యూఎస్‌బీ పెట్టె కొని తగిలించి, మొదటి కాపీ ఈ రాత్రే పెట్టేయండి.